శ్రీశైలం అడవిదారిలో ఒంటరిగా నడిచేవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

శివరాత్రికీ ఉగాదికీ నల్లమల గుండా శ్రీశైలం నడిచే వేలమందిలో నేనూ ఒకదాన్ని. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం... ఈ పేర్లు మీకు ప్రతి ఏటా సమీక్షల్లో వినిపిస్తూనే ఉంటాయి. ఆ దారిన నేను ఎవరి తోడూ లేకుండా వెళ్లాను. మొక్కు నాది, ఇంట్లో మిగతావాళ్లకు వీలు పడలేదు.

మొదట్లోనే ఒకాయన ఆపి "మీవాళ్లేరమ్మా?" అని అడిగారు. ఒక్కదాన్నే అన్నాను. "ఆడమనిషివి, ఏదో ఒక గుంపులో కలిసిపో" అన్నారు. మంచికే చెప్పారు. కానీ నా పేరు గానీ, మా ఇంటి ఫోన్ నంబరు గానీ శ్రీశైలం చేరేదాకా ఎవరూ అడగలేదు. అడవి లోపలికి వెళ్లాక ఫోన్‌లో సిగ్నల్ పోయింది. కాలు మెలిక పడి ఏ చెట్టు కిందో కూలబడి ఉంటే, ఈమె ఇంకా రాలేదేమని వెతికే మనిషి అక్కడ ఒక్కరూ లేరు. గుంపుగా వచ్చినవాళ్లకు గురుస్వామి ఉంటారు, రాత్రి పడుకునే ముందు అందరూ ఉన్నారో లేదో చూసుకుంటారు. మా సంగతి ఎవరు చూడాలి?

మేం తక్కువమందిమేమీ కాదండీ. భార్య పోయాక మౌనంగా నడుద్దామని వచ్చిన ఒక పెద్దాయన కనిపించారు. ఉత్తర కర్ణాటక నుంచి వచ్చి, తన ఊరివాళ్ల నుంచి తప్పిపోయిన ఒక అవ్వ దొరికింది. ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడం అంతంతమాత్రం. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కాలి. "చేదుకో మల్లన్నా" అంటూ ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఎక్కాం. ఆమె మనవడు కైలాసద్వారం దగ్గర ఏడుస్తూ కూర్చుని ఉన్నాడు. ఆ కొన్ని గంటలూ ఆ పిల్లాడు పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడనాడు నుంచి ఈ మల్లన్న కోసమే ఇల్లూవాకిలీ వదిలి నడిచి వచ్చింది. ఆమె తపస్సు చేసిందని చెప్పే గుహలకు మనం నేడు బోట్లు నడుపుతున్నాం. అలాంటి క్షేత్రంలో ఒంటరిగా వచ్చే ఆడమనిషిని చూసి కంగారుపడటం కన్నా, ఆమె క్షేమంగా చేరే ఏర్పాటు చేయడం మీ శాఖకు తగిన పని.

ఏడాది పొడవునా దారి తెరవమని నేను అడగను. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. కొన్ని రోజులే అనుమతించడం న్యాయం. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక తిరుమలలో భక్తులను గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలిచ్చారు. ఇక్కడ కూడా ఒంటరివాళ్లను వెంకటాపురంలోనే పదిమందిగా కలిపి పంపితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. కలవమని నోటిమాటగా చెప్పి వదిలేయకండి, కలిపి పంపండి.

తిరుమల నడకదారిలో టోకెన్ ఇచ్చి, మధ్యలో స్కాన్ చేయడం మనకు తెలిసిందే. ఇక్కడ సిగ్నల్ లేదు కాబట్టి చీటీ చాలు. వెంకటాపురంలో పేరు, ఇంటి నంబరు రాసి చీటీ ఇవ్వండి. పెద్దచెరువులో ఒక ముద్ర, భీముని కొలను దగ్గర ఒకటి, కైలాసద్వారంలో చీటీ వెనక్కి తీసుకోవాలి. వైర్‌లెస్ సెట్‌లో నంబర్లు సరిచూసుకుంటే రాత్రికి ఎవరు చేరలేదో తెలుస్తుంది. ఈ పని పెద్దచెరువు చెంచులకు కూలి ఇచ్చి అప్పగించండి. ఆ అడవి వాళ్లకు తెలిసినట్టు బయటి నుంచి డ్యూటీకి వచ్చినవాళ్లకు తెలియదు. నాకు నీళ్ల చెలమ చూపించింది కూడా ఒక చెంచు అమ్మాయే.

మజిలీల దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్లు, రాత్రి పడుకోవడానికి వెలుతురున్న చోటు కావాలి. దీనికి వేరే వివరణ అక్కర్లేదనుకుంటాను.

అటవీ శాఖతో మాట్లాడి వచ్చే శివరాత్రికి నెల ముందే ఈ ఏర్పాట్లు ప్రకటించండి. ప్రకటన, దారిలో పెట్టే బోర్డులు కన్నడంలో కూడా ఉండాలి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక భక్తురాలు