ఆడే పిల్లలకు కిడ్నీ పరీక్ష తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబర్ 18 న్యూజిలాండ్ రగ్బీ వింగర్ జోనా లోమూ వర్ధంతి. రగ్బీ చూసేవాళ్లు మన దగ్గర తక్కువ కాబట్టి ఆ పేరు పెద్దగా వినబడదు. కానీ అతని ఆటజీవితం కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం వాళ్లం తప్పకుండా తెలుసుకోవాల్సింది.

రగ్బీలో వింగర్ మైదానం అంచున ఆడతాడు. మామూలుగా జట్టులో బాగా పరుగెత్తేవాడికి ఆ చోటు ఇస్తారు, భారీ మనుషులను ముందు వరుసల్లో పెడతారు. లోమూ ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, సుమారు 120 కిలోల బరువు ఉండి కూడా వింగర్‌గా ఆడాడు. 1994లో 19 ఏళ్లకే న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌లోకి వచ్చాడు. 1995 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద అతని మొదటి ట్రై (బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకు ఆనించి పాయింట్లు తెచ్చుకోవడం) ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. బంతి అతన్ని దాటి వెనక పడింది. వెనక్కి తిరిగి అందుకున్నాడు. ఒకరిని తప్పించుకున్నాడు, ఇంకొకరి చెయ్యి కాలికి తగిలి తూలాడు, ఆ తూలుడులోనే ఎదురొచ్చిన ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక నిలబడి కాపుకాసేవాడు) మైక్ క్యాట్‌ను తొక్కుకుంటూ గీత దాటేశాడు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే నాలుగు ట్రైలు.

అంతటి మనిషికి అదే ఏడాది చివర్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలింది. రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ కిడ్నీల నుంచి మూత్రంలోకి పోయే జబ్బు అది. మందులు వాడుతూ, మధ్యలో చికిత్స కోసం ఆట మానేసి, మళ్లీ వచ్చి 1999 ప్రపంచకప్‌లో 8 ట్రైలు చేశాడు. మొత్తం 63 టెస్టులు (దేశాల మధ్య జరిగే మ్యాచ్‌లు), 37 ట్రైలు. ఆఖరి టెస్టు 2002లో, 27 ఏళ్లకే. మరుసటి ఏడాదికి డయాలసిస్. 2004లో గ్రాంట్ కెరెయామా అనే రేడియో ప్రెజెంటర్ తన కిడ్నీ ఇచ్చాడు. దాంతో మళ్లీ మైదానంలోకి దిగి వేల్స్‌లో కార్డిఫ్ క్లబ్బుకు ఆడాడు. 2011లో ఆ కిడ్నీ కూడా పనిచేయడం మానేసింది. 2015లో, 40 ఏళ్లకు, ఇద్దరు చిన్నపిల్లలను వదిలి వెళ్లిపోయాడు.

పైకి దృఢంగా కనిపించే ఒంట్లో ఏం జరుగుతోందో మైదానంలో చూసి చెప్పలేం. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకు ఇది బాగా తెలుసు. ఆటల కోసం పిల్లలను ఎంపిక చేసేటప్పుడు ఎత్తు, బరువు కొలుస్తాం, పరుగు పెట్టిస్తాం, మెడిసిన్ బాల్ విసిరిస్తాం. వాటితో పాటు బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) కూడా తప్పనిసరిగా చూడాలి. లోమూది, ఉద్దానంలో కనిపించేది ఒకే జబ్బు కాదు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ అంతగా పోకపోవచ్చు, అందుకే మూత్ర పరీక్షతో సరిపెట్టకుండా రక్త పరీక్ష కూడా అడుగుతున్నాను. ఇవి ఖరీదైన పరీక్షలేమీ కావు.

నొప్పి మాత్రల సంగతి కూడా చెప్పాలి. టోర్నమెంట్ రోజుల్లో మోకాలు నొప్పి అంటే చాలు, ఎవరి జేబులోంచో ఒక డైక్లోఫెనాక్ బయటికి వస్తుంది. ఎండలో చెమటలు కారి, నీళ్లు సరిగా తాగని పిల్లవాడికి ఆ మాత్ర కిడ్నీల మీద ఎంత భారమో ఇచ్చేవాళ్లకు తెలియదు. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఇవ్వకూడదని కోచ్‌లకు గట్టిగా చెప్పాలి.

పరీక్ష అనగానే తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్, పిల్లవాడి సీటు పోతుందేమోనని. ఆ భయంతోనే కాళ్ల వాపులు, ముఖం ఉబ్బు దాచిపెడతారు. జబ్బు బయటపడ్డాక కూడా లోమూ ఏడేళ్లు దేశానికి ఆడాడు. కాబట్టి రెండు రాష్ట్రాల క్రీడాశాఖలు ఈ పరీక్షలను ఎంపిక నిబంధనల్లో చేర్చాలి. ఫలితం తేడాగా వస్తే చికిత్స ఇప్పిస్తామని, ఆడొచ్చని డాక్టరు చెప్పినంత కాలం సీటు తీసేయబోమని దరఖాస్తు ఫారంలోనే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా