సంగారెడ్డి మామిడి రకాలకు ఇంకో చోటు కావాలి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉమ్మడి మెదక్ జిల్లాకు చెందిన మామిడి రైతును. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో ఉన్న మామిడి రకాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మద్దతు ధరలు, ఎరువులు, పంట నష్టం గురించిన ఉత్తరాలు మీకు రోజూ వస్తూనే ఉంటాయి, రావాలి కూడా. ఈ విషయం మీద మాత్రం ఎవరూ ధర్నా చేయరు, రోడ్డు మీద కూర్చోరు. అడిగేవాళ్ళు లేకపోతే మీ టేబుల్ దాకా రాదు. అందుకే రాస్తున్నాను.

ఆ కేంద్రంలో వందల మామిడి రకాలు చెట్లుగా నిలబడి ఉన్నాయి. బంగినపల్లి, హిమాయత్, దసేరి, నీలం, మల్గోవా లాంటి అందరికీ తెలిసిన పేర్లతో పాటు, ఆజం-ఉస్-సమర్ లాంటి, ఇప్పటి పిల్లలు ఎప్పుడూ విననివి కూడా ఉన్నాయి. రుమాని, నీలం రకాలను కలిపి పొట్టిగా పెరిగే మంజీర అనే సంకర రకాన్ని తయారు చేసింది ఈ కేంద్రమే. ఉద్యాన శాఖ వాళ్ళు ఇలాంటి తోటను జెర్మ్‌ప్లాజం బ్లాకు అంటారు. మార్కెట్లో అమ్ముడుపోయినా పోకపోయినా, కాపు బాగున్నా లేకపోయినా, ఆ రకం ఉండాలి కాబట్టి ఆ చెట్టును ఉంచుతారు. ఎన్నో ప్రభుత్వాలు మారినా, కరువులు వచ్చినా, ఆ చెట్లకు నీళ్ళు పెట్టి, పాదులు తీసి, కాపాడుతూ వచ్చిన శాస్త్రవేత్తలకు, కూలీలకు ముందుగా ఒక దండం.

నా మనవి రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడున్న ప్రతి రకానికీ రాష్ట్రంలోనే ఇంకో చోట కనీసం రెండు చెట్లు ఉండాలి. ఆ రెండు చోట్లా భూమికి చట్టం అండ ఉండాలి.

వరికీ జొన్నకీ ఇంత ఆదుర్దా అక్కర్లేదు. ఢిల్లీలోని జాతీయ జన్యు బ్యాంకులో విత్తనాలను బాగా ఆరబెట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో పెడితే ఏళ్ళ తరబడి ప్రాణంతో ఉంటాయి. మామిడి టెంక అలా కాదు. ఆరబెడితే చచ్చిపోతుంది, చలిలో పెట్టినా చచ్చిపోతుంది. పోనీ టెంక పాతి మొక్క లేపినా, బంగినపల్లి టెంక నుంచి బంగినపల్లి రాదని చేలో తిరిగే ప్రతి మనిషికీ తెలుసు. మనం తింటున్న బంగినపల్లి అంతా ఎప్పుడో ఒకానొక చెట్టు నుంచి కోసిన కొమ్మే. దాన్నే తరతరాలుగా అంటు మీద అంటు కట్టుకుంటూ వచ్చాం. బంగినపల్లి చెట్లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి దానికి భయం లేదు. కానీ ఒకే తోటలో ఒకటో రెండో చెట్లుగా మిగిలిన రకం సంగతి వేరు. ఒక గాలివాన, ఒక కాండం తొలిచే పురుగు, లేదా భూమి మీద ఒక తప్పుడు జీవో చాలు. ఆ కొమ్మ పోతే మళ్ళీ ఏ శాస్త్రవేత్తా దాన్ని తయారు చేయలేడు.

ఇది మామిడికి మాత్రమే ఉన్న చిక్కు కాదు, ఆపిల్‌కూ అచ్చంగా ఇదే చిక్కు. ఆపిల్ గింజ వేస్తే తల్లిలాంటి పండు రాదు, అదీ అంటుతోనే బతకాలి. మరి ఆపిల్ పండించే దేశాలు ఏం చేశాయో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఆపిల్ పుట్టిల్లు కజకిస్తాన్‌లోని టియాన్ షాన్ కొండలు. 1929లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ అల్మాటీ చుట్టుపక్కల అడవి ఆపిల్ చెట్లను చూసి, సాగు ఆపిల్ ఇక్కడి నుంచే వచ్చిందని అన్నారు. 2010లో ఆపిల్ జన్యు క్రమాన్ని చదివినప్పుడు ఆ మాట నిజమని తేలింది. అమెరికా వ్యవసాయ శాఖ మనుషులు 1989 నుంచి 1996 వరకు విడతలు విడతలుగా ఆ కొండలకు వెళ్ళి గింజలు, కొమ్మలు తెచ్చుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే ఊళ్ళో ఉన్న తమ ఆపిల్ సేకరణలో వాటిని నాటారు. ఆ అడవి చెట్లలో కొన్నింటికి ఆపిల్‌ను పీడించే తెగుళ్ళను తట్టుకునే శక్తి ఉందని తర్వాత పరీక్షల్లో బయటపడింది. తెచ్చేటప్పుడు అది వాళ్ళకు తెలియదు. అయినా తెచ్చి ఉంచుకున్నారు.

అంతటితో వదల్లేదు. జెనీవా తోటకు ఏమైనా అయితే ఎలా అని, చలికాలంలో ఆపిల్ కొమ్మల మీద నిద్రపోతున్న మొగ్గలను కోసి, చాలా రకాలను అక్కడికి ఎంతో దూరంలో, కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ద్రవ నైట్రోజన్ ఇచ్చే గడ్డకట్టే చలిలో భద్రం చేశారు. కావాలంటే ఆ మొగ్గను బయటికి తీసి అంటు కట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని బ్రోగ్‌డేల్ తోటలో రెండు వేలకు పైగా ఆపిల్ రకాలు ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఏ దుకాణమూ అమ్మదు. అయినా అక్కడి ప్రభుత్వం వాటిని జాతీయ సేకరణగా పోషిస్తోంది.

మన మామిడికి చలికాలపు నిద్ర లేదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు అది. ఆపిల్ మొగ్గలను దాచినట్టు మామిడి మొగ్గలను దాచే పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు. పరిశోధనలు జరుగుతున్నాయి, జరగాలి. అవి ఫలించేదాకా మామిడికి ఉన్న ఏకైక బీమా ఇంకో చోట నాటిన ఇంకో చెట్టు. ఆపిల్ వాళ్ళకు రెండు దారులున్నా రెండూ వాడుకున్నారు. మనకున్నది ఒక్కటే దారి, దాన్నయినా పూర్తిగా వాడుకోవాలి కదా.

భూమి గురించి ఎందుకు అంత గట్టిగా అడుగుతున్నానో చెప్పాలంటే మళ్ళీ రష్యాకే వెళ్ళాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర పావ్లోవ్‌స్క్‌లో వావిలోవ్ కాలం నాటి పండ్ల సేకరణ ఉంది. ఆపిల్, స్ట్రాబెర్రీ, ఇంకా ఎన్నో రకాల బెర్రీలు, అన్నీ నేలలో పెరిగే మొక్కలే. 2010లో ఆ భూమిని ఇళ్ళు కట్టడానికి ఇచ్చేయాలని చూశారు. కోర్టు కూడా మొదట ఇళ్ళ వైపే తీర్పు చెప్పింది. ఆ సేకరణ అధికారికంగా నమోదు కాలేదు కాబట్టి లేనట్టే లెక్క అని అవతలి పక్షం వాదించిందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు ఉత్తరాలు రాసి, విషయం దేశాధ్యక్షుడి దాకా వెళ్ళాక ఆ భూమి నిలబడింది.

మన దగ్గర అలా జరగదని అనుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు చెందిన 100 ఎకరాలను కొత్త హైకోర్టు భవనాలకు కేటాయించడం మనందరం చూశాం. విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. హైకోర్టుకు మంచి భవనం కావాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. నా భయం అంతా ఆ ఆలోచన తీరు గురించే. నగరం పెరిగే కొద్దీ, పరిశోధన భూమి అంటే ఖాళీ భూమి అన్నట్టు కనిపిస్తోంది. సంగారెడ్డి ఇప్పుడు హైదరాబాద్‌కు దాదాపు శివారు. ముంబై హైవే పక్కన ఎకరం ధర ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. రేపు ఏ అధికారి ముందయినా ఆ తోట ఫైలు ఎకరాల లెక్కగా వెళ్తే, అందులో ఆజం-ఉస్-సమర్ పేరు ఉండదు.

అందుకు మందు కూడా మన చేతిలోనే ఉంది. 2002 నాటి జీవ వైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద, స్థానిక సంస్థలతో మాట్లాడి, రాష్ట్ర ప్రభుత్వమే ఒక చోటును జీవ వైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించవచ్చు. అదే సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూర్ చెరువును 2016లో అలా ప్రకటించారు. చెరువుకు, పక్షులకు ఇచ్చిన ఆ గౌరవం మామిడి తోటకు కూడా ఇవ్వండి.

ఎవరికీ పట్టని రకాలను పోషించి ఏం లాభం అని ఆర్థిక శాఖ వాళ్ళు మిమ్మల్ని అడగవచ్చు. దానికి ఒక జవాబు చాలు. ఆల్ఫాన్సో పండు కోస్తే లోపల కండ తెల్లగా, బెండులా పాడైపోయే జబ్బు ఉంది, దానితో ఎగుమతిదారులు నష్టపోతుంటారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆల్ఫాన్సోను మన బంగినపల్లితో కలిపి అర్క పునీత్, అర్క అరుణ రకాలను తీసింది. వాటిలో ఆ జబ్బు లేదు. ఉత్తరాది దసేరి, మన దక్షిణాది నీలం కలిస్తే ఆమ్రపాలి వచ్చింది, చిన్న చెట్టు, ఏటేటా కాపు. నీలానికి ఏటా కాసే గుణం లేకపోయి ఉంటే, లేక నీలమే లేకుండా పోయి ఉంటే, ఆమ్రపాలి ఎక్కడిది?

ఇప్పుడు బాటసింగారం మార్కెట్‌కు వెళ్ళి చూడండి. దిగే లారీల్లో ఎక్కువ భాగం బంగినపల్లే. నా తోటలోనూ అంతే, వ్యాపారి అదే అడుగుతాడు. అన్ని చెట్లూ ఒకే చెట్టు ముక్కలైనప్పుడు, పూత మీద ఆ ఏడాది వాతావరణం దెబ్బ కొడితే అందరి మీదా ఒకేసారి కొడుతుంది. పూత ఆలస్యం కావడం, పిందె దశలో వడగళ్ళు పడటం, తేనెమంచు పురుగు ఆగకపోవడం ఏటా చూస్తున్నాం. కాలం కాని కాలంలో కాసే పునాసలో ఏముందో, తెగులుకు లొంగని ఏ పేరులేని చెట్టులో ఏముందో రేపు అవసరం పడినప్పుడు వెతుకుదామంటే, ఆ చెట్టు అప్పటికి ఉండాలి.

లక్నోలో, బెంగళూరులో కేంద్ర సంస్థల దగ్గర పెద్ద మామిడి సేకరణలు ఉన్నాయి కదా అని కూడా ఎవరైనా అనొచ్చు. ఉన్నాయి, చాలా మంచి సేకరణలు. కానీ మన దగ్గరున్న వాటిలో ఏవి వాళ్ళ దగ్గరున్నాయో పేర్లను బట్టి తేల్చలేం. సువర్ణరేఖనే సుందరి అంటారు, హిమాయత్‌నే ఇమాం పసంద్ అంటారు. ఇంకోవైపు, ఊరూరా రసం అని పిలిచే చెట్లన్నీ ఒకటి కావు. డీఎన్ఏ పరీక్ష చేసి పోల్చాలి. జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు రాజేంద్రనగర్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. మన ఉద్యాన విశ్వవిద్యాలయం, వాళ్ళు కలిసి కూర్చుంటే ఈ పని జరుగుతుంది. ఆ జాబితాను తెలుగులో, అందరూ చూసేలా పెట్టండి. పావ్లోవ్‌స్క్‌లో వినిపించిన నమోదు కాలేదన్న మాట ఇక్కడ వినపడకూడదు.

ఖర్చు గురించి. ఒక రకానికి రెండు చెట్లు, అయిదు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 160 చెట్లు, అంటే 80 రకాలు పడతాయి. అయిదెకరాల్లో నాలుగు వందల రకాలు నిలబెట్టవచ్చు. కొమ్మలు ఏటా కత్తిరించుకుంటూ పోతే అంత దగ్గరలోనూ ఇబ్బంది ఉండదు, అవి కాపు కోసం నాటే చెట్లు కావు. సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రాంగణంలో గానీ, కొల్లాపూర్ వైపు మామిడి నేలల్లో గానీ ఆ అయిదెకరాలు చూపించండి. కొల్లాపూర్ అయితే మరీ మంచిది. సంగారెడ్డిలో వచ్చిన గాలివాన అక్కడ రాదు.

ఊళ్ళలో మిగిలిన చెట్ల మాట కూడా ఇందులో కలపండి. పాత ఊరగాయ చెట్లు, చక్కెరలా తియ్యగా ఉండే పీచు మామిళ్ళు గట్ల మీద, బావుల దగ్గర ఇంకా ఉన్నాయి. మా దగ్గర రోడ్డు వెడల్పు పనిలో అలాంటి చెట్టొకటి పోయింది. దాని అంటు ఎవరి దగ్గరా లేదు. కొట్టడానికి అనుమతి ఇచ్చే ముందు ఉద్యాన అధికారి వచ్చి నాలుగు కొమ్మలు కోసుకుని వెళ్ళాలని ఒక్క ఆదేశం ఇస్తే చాలు. గ్రామాల్లో జీవ వైవిధ్య కమిటీలు రాసే రిజిస్టర్లలో ఈ చెట్లను చేర్చమనండి. 2001 నాటి మొక్కల రకాల చట్టం కింద రైతు తన రకాన్ని తన పేరు మీదే నమోదు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు నింపడానికి సాయం చేసే మనిషి మాత్రం మండలంలో దొరకడం లేదు.

కాలం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ వేసవిలో టెంకలు పోగుచేసి తొలకరికి నారు పోస్తే, వచ్చే వానాకాలానికి వేరుమూలం మొక్కలు, అంటే అంటు కట్టడానికి అడుగున వాడే మొక్కలు, పెన్సిలు మందం అవుతాయి. అప్పుడు సంగారెడ్డి చెట్ల కొమ్మలకు వారం పది రోజుల ముందు ఆకులు తుంచి, మొగ్గ ఉబ్బాక కోసి అంటు కట్టవచ్చు. ఆపై వానాకాలానికి అవి నేలలోకి వెళ్తాయి. టెంకలు దొరికేది మే, జూన్ నెలల్లోనే. ఆ లోపు మీ ఆదేశం వెలువడితే ఒక ఏడాది కలిసొస్తుంది. నారు పెంచడానికి, అంటు కట్టడానికి చేతులు కావాలంటే మా జిల్లా రైతులం వస్తాం.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
ఉమ్మడి మెదక్ జిల్లా