ఆరు వేల ల్యాప్‌టాప్ గురించి

విజయవాడ

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటోలు అమ్మా నేనూ చూశాం. మీ సీనియర్ 6,000కు ఇస్తానంటున్న పాడైన ల్యాప్‌టాప్ తీసుకుని బాగు చేయించాలా, 18,000 పెట్టి రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) కొనాలా అని అడిగావు. ఇన్నేళ్లు టీవీలు రిపేరు చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఏం పోయిందో అడుగు. డిస్‌ప్లే పోయిందని చెప్తే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో హాస్టల్ టీవీకి పెట్టి చూడు. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే బోర్డు చాలావరకు బాగున్నట్టే. స్క్రీనో, దాని కేబులో మార్చాలి, ఖర్చెంతో ముందే తెలుస్తుంది. కీబోర్డు, హింజ్ (మూత మడత దగ్గరి కీలు) కూడా అలాంటివే. 'ఆన్ అవ్వట్లేదు, చిన్న ప్రాబ్లమే' అంటే మాత్రం నమ్మకు. నిజంగా చిన్నదైతే అతనే బాగుచేయించి రెట్టింపుకు అమ్ముకునేవాడు కదా.

నాకు అన్నిటికన్నా భయం నీళ్లంటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత మన షాపుకు వచ్చిన సెట్లు నువ్వూ చూశావు. ఆరబెట్టి ఆన్ చేస్తే కొన్ని పనిచేసేవి, కొన్నాళ్లకు అవే మళ్లీ వచ్చేవి. నీళ్లు ఆరినా మట్టీ, లవణాలూ ఐసీ (బోర్డు మీది చిప్పు) కాళ్ల మధ్య ఉండిపోతాయి. గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా రాగిని కొంచెం కొంచెంగా తినేస్తాయి. టీ ఒలికినా ఇదే గతి. అందుకే ల్యాప్‌టాప్ కింది వైపు మూత తీయించి టార్చి వేసి చూడు. కనెక్టర్ల దగ్గర పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తే ఊరికే ఇచ్చినా వద్దు. ఇంకో మాట, ఫొటోలో టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుంది. బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టొద్దని అతనికి ఇవాళే చెప్పు.

రీఫర్బిష్డ్ అని రాసినంత మాత్రాన కళ్లు మూసుకుని కొనకూడదు. అవి చాలావరకు కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ఆఫీసు మెషిన్లు. ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అనేది ఎక్కువగా పైన గీతల లెక్కే. బ్యాటరీ రిపోర్ట్ తీయించి, కొత్తలో ఎంత పట్టేదో ఇప్పుడెంత పడుతుందో చూడాలి. ఇంటెల్ ప్రాసెసరైతే 8వ జనరేషన్ కంటే పాతది వద్దు. అంతకన్నా పాతవాటికి దాదాపుగా విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. బయోస్ పాస్‌వర్డ్ (ఆన్ చేయగానే, విండోస్ రాకముందే అడిగేది) గానీ పాత కంపెనీ లాక్ గానీ ఉండకూడదు. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఆరు నెలలని రాసి ఉండాలి.

చదువు నడిచేది దీని మీదే కాబట్టి రీఫర్బిష్డే తీసుకో తల్లీ. ప్రాజెక్ట్ రోజుల్లో మెషిన్ రిపేరు షాపులో ఉంటే నువ్వు పడే టెన్షన్ నేను చూడలేను. నీ చేత్తో బాగుచేయాలన్న కోరిక నాకెంత సంతోషమో చెప్పలేను. సెలవులకు వచ్చేసరికి డెడ్ బోర్డు ఒకటి తెచ్చి ఉంచుతాను, మల్టీమీటర్ పట్టుకోవడం నుంచి మొదలుపెడదాం.

శనివారం గుంటూరులో బస్సెక్కి వచ్చేయ్. గవర్నర్‌పేటలో రెండు షాపులు చూసి ఉంచాను. నీ దగ్గరున్న 8,000 పోను మిగతాది నేను వేస్తాను. పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్స్ తెచ్చుకో. పోర్టులు, కీలు, కెమెరా, వైఫై అన్నీ అక్కడే చూసుకున్నాకే డబ్బులిద్దాం.

నాన్న