టోకెన్ కంటే ముందు మాస్టర్ ప్లాన్: మా కస్టమర్లకు

ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ (మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చెప్పే కాగితం) చేతికి వచ్చేదాకా ఇకపై మేం ఏ ప్లాటుకూ టోకెన్ (బయానా) తీసుకోం. "రీజినల్ రింగ్ రోడ్డుకు దగ్గర" అనే మాటను మా ప్రకటనల్లోంచి తీసేశాం. కొంత ఆలస్యమవుతుంది, మీకు నచ్చిన ప్లాటు ఈలోగా వేరేవాళ్లు కొనేసినా కొనేయవచ్చు. అయినా ఇలాగే చేస్తాం.

హైదరాబాద్ చుట్టుపక్కల హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ 2013లో నోటిఫై అయింది, 2031 వరకు వేసింది. జనాభా, చెరువులు, రాకపోకలు లెక్కగట్టి ఏ సర్వే నంబరులో ఇళ్లు కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో అందులో గీశారు. మార్కెట్‌కు అదంతా పట్టదు. రోడ్డు వస్తుందన్న కబురుకే గజం రేటు లేస్తుంది. రేటు లేచాక భూసేకరణ ఖర్చు పెరుగుతుంది, దారిలో వెంచర్లు పడతాయి, చివరికి ఆ రోడ్డే ఆగుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. అప్పటికి మీరు కట్టిన రేటు మాత్రం రోడ్డు వచ్చేసినట్టే ఉంటుంది.

ఎక్కువమంది మోసపోయేది "నాలా కన్వర్షన్ అయింది" అన్న మాట దగ్గర. అది రెవెన్యూ కాగితం. సాగుభూమి సాగేతరమైందని చెబుతుంది, అంతే. ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లో (కట్టడాలను పరిమితం చేసిన ప్రాంతంలో) ఉంటే జోన్ అలాగే ఉంటుంది, మామూలు ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు. ఈసీలోనూ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే కాగితం) జోన్ కనిపించదు.

రోడ్డు లెక్క కూడా చూడండి. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న ప్లాటు, 200 గజాలు, ముందు 40 అడుగుల రోడ్డు. ప్లాన్‌లో అది 100 అడుగులుగా ఉండి, రెండు వైపులా సమానంగా తీసుకుంటే మీ ముందువైపు 30 అడుగులు పోతాయి. మిగిలేది 100 గజాలే. అమ్మేవాళ్లు మాత్రం 200 గజాలకూ హండ్రెడ్ ఫీట్ రోడ్డు రేటే చెబుతారు!

చెరువు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆ పైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కట్టకూడని జాగా. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. ఎండాకాలంలో నీళ్ల అంచు నుంచి టేపు పట్టి కొలవడం పెద్ద తప్పు, ఎఫ్‌టీఎల్ మ్యాపులోని గీత నుంచే కొలవాలి.

సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా ఇవ్వండి. గ్రామ నక్షాను ప్లాన్ షీట్ మీద పెట్టి చూస్తాం. ఒకే నంబరు రెండు జోన్లలో పడడం మామూలే, అప్పుడు సర్వేయర్‌తో హద్దులు కొలిపించాల్సిందే.

ఇదివరకు మా ద్వారా కొన్నవాళ్లు కూడా నంబరు పంపండి, డబ్బులేమీ తీసుకోకుండా చూసిపెడతాం. మాకు ఇబ్బందయ్యే విషయం బయటపడినా, ఉన్నది ఉన్నట్టు రాసిస్తాం.