ఆబిడ్స్‌లో కలిసిన పెద్దాయనకు

నాన్న పోయాక నాలుగు నెలలు ఒక్క పుస్తకమూ పూర్తి చేయలేకపోయాను. రెండు పేజీలకే మనసు ఎటో వెళ్లిపోయేది. రెండు వారాల కిందట ఆదివారం ఆబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గర ఊరికే నిలబడి ఉంటే, "ఏం వెతుకుతున్నావమ్మా?" అన్నారొక పెద్దాయన. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. తాను అప్పుడే కొనుక్కున్న సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. "100 కథలమ్మా, అన్నీ చిన్నవే. రాత్రికి ఒక్కటి చాలు." డబ్బులిస్తే తీసుకోలేదు. ఇదయ్యాక చదవమని అట్ట లోపల పెన్సిల్‌తో మరో మూడు పేర్లు రాశారు. చేయి వణుకుతున్నా అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి.

బాబాయ్ గారూ, నిన్న రాత్రితో పదకొండో కథ అయింది. మీకు చాలా చాలా థ్యాంక్స్.