విద్యా విభాగం వార్షిక నివేదిక: సైన్స్ శిబిరాలు, మన పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన హబ్సిగూడ కాలనీ సంఘం విద్యా విభాగం ఎక్కువ శ్రద్ధ పెట్టిన పని ఒక్కటే: అంతర్జాతీయ సైన్స్ శిబిరాల సంగతి పిల్లలకు, తల్లిదండ్రులకు చేరవేయడం. ఐఐటీ కోచింగ్ ఉండగా ఇదెందుకని సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు.

కోచింగ్‌లో ప్రతి లెక్కకూ వెనక పేజీలో కీ ఉంటుంది. శిబిరంలో ఉండదు. 2007లో తైవాన్‌లో మొదలైన ఆసియా సైన్స్ క్యాంప్‌నే తీసుకోండి. అక్కడ నోబెల్ గ్రహీతల ప్రసంగాలు వినడంతో పని అయిపోదు. వేర్వేరు దేశాల పిల్లల్ని ఒకే జట్టులో వేసి, పోస్టర్ తయారు చేయమంటారు. ఒకరి ఇంగ్లీషు ఇంకొకరికి సరిగా అందదు. అయినా తన ఆలోచన చెప్పి ఒప్పించాలి, తప్పని తేలితే వదులుకోవాలి. ఎప్పుడూ ఫస్ట్ వచ్చే పిల్లలకు, తమకన్నా చురుకైనవాళ్లు పక్కన కూర్చుంటే మొదట టెన్షనే. చదువుకు అసలు మేలు అక్కడే మొదలవుతుందని మా అభిప్రాయం.

ఇంటర్ స్థాయి పిల్లల పోటీ అయిన అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్‌లో థియరీకి ఐదు గంటలు, ప్రయోగానికి మరో ఐదు గంటలు. ఇక్కడ చాలా ఇంటర్ కాలేజీల్లో ల్యాబ్ తాళం ప్రాక్టికల్స్ పరీక్షల ముందు గానీ తీయరు! అందుకే ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో ప్రయోగాలు మొదలుపెట్టాం. లోలకంతో గురుత్వ త్వరణం కొలిచినప్పుడు ఏ ఇద్దరికీ ఒకే విలువ రాలేదు. ఎందుకు రాలేదన్న చర్చ భోజనాల వేళ దాటినా తెగలేదు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సందర్శకులకు తలుపులు తెరిచే ఓపెన్ డేకి కూడా పిల్లల్ని తీసుకెళ్లాం.

డబ్బు విషయం. లక్షలు కట్టించుకుని, ఫొటోలు తీయించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టే విదేశీ టూర్లను సంఘం సిఫారసు చేయదు. అప్పు చేసి పంపాల్సిన పని అసలే లేదు. జపాన్ 2014లో ప్రారంభించిన సకురా సైన్స్ కార్యక్రమంలో ఎంపికైన పిల్లల ఖర్చు ఆ దేశమే భరిస్తుంది. ఒలింపియాడ్‌కైతే నవంబరులో జరిగే జాతీయ స్థాయి ఎన్‌ఎస్‌ఈ పరీక్ష తొలి మెట్టు. అది దాటి, తర్వాతి పరీక్షలోనూ నెగ్గినవారికి ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో శిబిరం ఉంటుంది. మన పిల్లలెవరూ ఈసారి అంతవరకు వెళ్లలేదు.

ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

వచ్చే ఏడాది ఆదివారం ప్రయోగాలకు ఒక పెద్ద దిక్కు కావాలి. ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ)ల్లో రిటైరైన సభ్యులు మన వీధుల్లోనే ఉన్నారు, రెండు గంటలు కేటాయించమని మనవి. ఇంట్లో వాడని మల్టీమీటర్లు, లెన్సులు ఉంటే సంఘం ఆఫీసులో ఇవ్వగలరు.

— కన్వీనర్, విద్యా విభాగం