సముద్రపు రంగు చదివే కొలువు గురించి

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ విద్యా పేజీలో సముద్రశాస్త్ర ఉద్యోగావకాశాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉపగ్రహాల ద్వారా సముద్రపు రంగును పరిశీలించే పరిశోధనకు అందులో నాలుగంటే నాలుగు వాక్యాలు కేటాయించి, కంప్యూటర్ పరిజ్ఞానం ఉంటే చాలు, ఒడ్డున కూర్చునే చేసుకోవచ్చునన్న అర్థం వచ్చేలా ముగించారు. ముప్పై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించినవాడిగా, వారిలో ఇద్దరు ముగ్గురు ఆ దారిన వెళ్లడం దగ్గర నుంచి చూసినవాడిగా, ఆ మాట సగమే నిజమని చెప్పవలసి వస్తోంది.

ఈ విద్యకు మూలమైన సూత్రం ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా అర్థమవుతుంది. సముద్రంలో తేలాడే సూక్ష్మమైన వృక్ష ప్లవకాలలోని పత్రహరితం నీలికాంతిని పీల్చుకుంటుంది, ఆకుపచ్చను అంతగా పీల్చుకోదు. కాబట్టి 443, 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర నీటి నుంచి వెలువడే నీలికాంతిని 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతితో పోల్చి, ఆ నీటిలో పత్రహరితం ఎంత ఉందో లెక్కకడతారు. చిక్కంతా ఉపగ్రహానికి చేరే కాంతిలో దాదాపు 90 శాతం సముద్రానిది కాకపోవడంలో ఉంది. అది మధ్యనున్న గాలి, తేమ, ధూళి చెదరగొట్టిన కాంతి. దాన్ని తీసివేయడానికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు: పరారుణానికి దగ్గరి కాంతిని నీరు పూర్తిగా మింగేస్తుంది కనుక, అక్కడ ఏ కాస్త వెలుగు కనిపించినా అది గాలిదేనని భావించి, దాని ఆధారంగా మిగిలిన రంగుల్లోనూ గాలి వాటాను తీసివేస్తారు. నడిసముద్రంలో ఈ లెక్క చక్కగా కుదురుతుంది. గోదావరి వరదనీరు ఎర్రగా కలిసే చోట కుదరదు, ఎందుకంటే అక్కడ ఒండ్రుమట్టి కూడా ఆ కాంతిని వెనక్కి పంపుతుంది. పైగా కుళ్లిన ఆకులూ అలములూ నీటిలో కరిగి ఏర్పడే గోధుమరంగు పదార్థం పత్రహరితంలాగే నీలికాంతిని మింగి, లేని ప్లవకాలను ఉన్నట్టు చూపుతుంది. అంటే మనకు ఎంత దగ్గరి నీరైతే ఉపగ్రహానికి అది అంత అర్థం కాని నీరు.

అందుకే ఉపగ్రహం లెక్కను అసలు నీటితో సరిచూడడానికి ఎవరో ఒకరు పడవెక్కాలి. సముద్రపు రంగును చూసే మన ఓషన్‌శాట్ ఉపగ్రహాలు ఇంచుమించు మధ్యాహ్నం 12 గంటల వేళ పైనుంచి దాటుతాయి కాబట్టి, ఆ సమయానికి పడవ అనుకున్న చోట నిలబడి ఉండాలి; పడవ నీడ పడకుండా కాంతిమాపకాన్ని నీటిలోకి దించాలి; అదే చోట నీరు తోడి సన్నని గాజునార వడపోత కాగితం మీద వడగట్టి, దాన్ని వెలుతురు తగలకుండా చలిలో భద్రపరచి, ప్రయోగశాలకు తెచ్చి అసిటోన్‌లో నానబెట్టి పత్రహరితాన్ని కొలవాలి. ఆ సమయానికి ఒక మబ్బు తునక అడ్డువస్తే ఆ రోజు పడ్డ శ్రమ ఉపగ్రహంతో పోల్చడానికి పనికిరాదు. మా పూర్వ విద్యార్థి ఒకడు నెలలో పదకొండు రోజులు సముద్రం మీదికి వెళ్లి, రెండే రెండు పనికివచ్చే కొలతలతో తిరిగివచ్చి, 'మాస్టారూ, ఆ రెండూ బంగారం' అన్నాడు. ఒడ్డున కూర్చుని చేసే పనంతా, నిజానికి, ఇలాంటి రెండేసి కొలతల మీద నిలబడినదే.

ఈ చదువుకు విశాఖ కొత్త కాదన్న సంగతి కూడా ఆ వ్యాసంలో లేదు. 1950లలో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్రశాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి, వాల్తేరు తీరంలో అడుగునీరు పైకి ఉబికి రావడాన్ని కొలిచారు. ఆ అడుగునీటితో పాటు వచ్చే పోషకాలే ప్లవకాలకు తిండి. జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఇక్కడే ఉంది. ఇంకా వెనక్కి వెళితే, 1921లో ఓడ మీద ప్రయాణిస్తూ, సముద్రపు నీలిమ ఆకాశం ప్రతిబింబం మాత్రమే కాదని, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం కూడా దానికి కారణమని తేల్చిన సి.వి. రామన్ బడి చదువు చదివింది ఈ ఊళ్లోనే. ఆయన తండ్రి ఏ.వీ.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క నేను ఎన్నడూ వదలలేదు, ఇప్పుడూ వదలలేకపోయాను.

ఉపగ్రహాల విషయానికి వస్తే, మన దేశం 1999 మే 26న ఓషన్‌శాట్-1ను, 2009లో ఓషన్‌శాట్-2ను, 2022 నవంబరు 26న అదే వరుసలో మూడోదైన ఈఓఎస్-06ను శ్రీహరికోట నుంచి పంపింది. మొదటి రెండింటి వర్ణమాపకాలు 8 రంగుల్లో చూస్తే మూడోదానిది 13 రంగుల్లో చూస్తుంది. అమెరికా 2024 ఫిబ్రవరిలో పంపిన పేస్ ఉపగ్రహం రంగులను ఇంకా సన్నగా విడదీసి, ప్లవకాల జాతులను కూడా వేరుచేసి గుర్తించే ప్రయత్నం చేస్తోంది. ఆ సమాచారమంతా ఉచితం. దాన్ని విశ్లేషించే సీడాస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) పత్రహరితం పటాలను, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను కలిపి చూసి, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సమాచారాన్ని తెలుగులో కూడా మత్స్యకారులకు అందిస్తోంది. మన ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే బోటు ఎన్ని లీటర్ల డీజిలు తగలబెట్టాలన్నది కొంతవరకు ఆ పటం మీద ఆధారపడి ఉంటుంది.

చేరదలచిన విద్యార్థులకు దారి ఉంది. డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం చదివినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రంలో పీజీ చేయవచ్చు. డెహ్రాడూన్‌లోని భారత దూరసంవేదన సంస్థలో ఎం.టెక్. చేసినా పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. పరిశోధనకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అర్హత పరీక్షలో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల విభాగం ఉంది. పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ తప్పనిసరి. వ్యాసకర్తతో ఆ మేరకు నేను ఏకీభవిస్తాను.

వ్యాసం చెప్పకుండా వదిలేసినది ఉద్యోగ భద్రత సంగతి. ఈ రంగంలో మొదటి కొన్నేళ్లు దొరికేవి చాలావరకు ప్రాజెక్టు కొలువులే. మత్స్యకార కుటుంబంలో పుట్టి మా కళాశాలలో చదివిన ఒక అమ్మాయి, ఒక సంస్థలో మూడేళ్లు పనిచేసి, నీటి కొలతల్లో ఎక్కడ తప్పు దొర్లిందో అంకెలు చూసి చెప్పగలిగే స్థాయికి వచ్చింది. ప్రాజెక్టు గడువు తీరింది, పొడిగింపు రాలేదు. ఇప్పుడు బెంగళూరులో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనిలో ఉంది, జీతం కూడా రెట్టింపు. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆమె నేర్చుకున్నది ఆమెతోనే వెళ్లిపోయింది, తరువాత వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి కొలిస్తేనే విలువ కలిగే పనిని మూడేసి ఏళ్ల ముక్కలుగా కోయడంలో ఏ పొదుపు ఉందో నాకు బోధపడదు.

కావున మీ విద్యా పేజీలో ఈ అంశాన్ని మరొకసారి, ఈసారి సముద్రం మీదికి వెళ్లి కొలతలు తీసుకునే యువ పరిశోధకులతోనే రాయించవలసిందని కోరుతున్నాను. కోర్సుల పేర్లతో పాటు జీతం ఎంత, గడువు ఎన్నేళ్లు, ఆ తరువాత ఏమిటి అన్నవి కూడా వారిని అడగండి. విశాఖ తీరంలో ఒక స్థిరమైన చోట ఏడాది పొడవునా ఈ కొలతలు తీసేందుకు శాశ్వత సిబ్బందిని నియమించే ఆలోచన ఏమైనా ఉందా అని సంబంధిత మంత్రిత్వ శాఖను మీ విలేఖరి ప్రశ్నిస్తే, ఆ సమాధానం కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం